బి షిఫ్టు ఇంట్లో పిల్లలు ఎన్నింటికి పడుకోవాలి?

ప్రశ్న:

"నమస్తే అండీ. మాది రణస్థలం మండలంలో ఒక ఊరు. మావారు పైడిభీమవరంలో ఒక కంపెనీలో పనిచేస్తారు. ఒక వారం ఏ షిఫ్టు (పొద్దున్న), ఒక వారం బి (మధ్యాహ్నం), ఒక వారం సి (రాత్రి). బి షిఫ్టు అయితే ఇంటికొచ్చేసరికి రాత్రి పదిన్నర దాటుతుంది. మా పెద్దోడికి రెండున్నరేళ్ళు. వాళ్ళ నాన్న బండి చప్పుడు వినేదాకా పడుకోడు. వచ్చాక ఇద్దరూ ఆటలు. పదకొండుంపావుకి గానీ కళ్ళు మూయడు. పొద్దున్న ఎనిమిదికి లేస్తాడు. మధ్యాహ్నం మూడున్నరకి మా అత్తమ్మ పక్కన పడుకుంటే అయిదున్నర వరకూ లేవడు. ఇప్పుడు మూడు షిఫ్టుల్లోనూ వాడికి అదే టైము అయిపోయింది. చిన్నదానికి ఏడు నెలలు. చీర ఉయ్యాల్లో ఊపితేనే పడుకుంటుంది. రాత్రి మూడు నాలుగు సార్లు లేస్తే నేనూ లేచి ఊపాలి. మా ఇంట్లో ముందు హాలు, వెనక ఒక గది, అంతే. హాల్లో ఏడు నుంచి తొమ్మిదిన్నర వరకూ అత్తమ్మ సీరియల్స్ చూస్తారు. 'మీ గుంటడికి జలుబు సిరప్ ఒక మూత పొయ్యి, తొంగుంటాడు' అని పక్కింటావిడ అంటోంది. ఫోన్లో వీడియోలు చూస్తే ఏడున్నరకల్లా వేరే గదిలో పడుకోబెట్టి తలుపేసెయ్యాలట, ఏడ్చినా వెళ్ళకూడదట. అది మా ఇంట్లో అయ్యే పని కాదు. టెన్షన్‌తో నాకే నిద్ర పట్టడం లేదు. ఏం చెయ్యమంటారు?"

– ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా

సమాధానం:

అమ్మా, ముందు ఆ సిరప్ సంగతి తేల్చేద్దాం. వద్దు. జలుబు సిరప్‌లు కొన్నింటిలో మత్తు కలిగించే మందు ఉంటుంది. వాటిలో ప్రొమెథజైన్ అనేది రెండేళ్ళ లోపు పిల్లలకు అసలు ఇవ్వకూడదు. ఊపిరి మందగించి ప్రాణం మీదికి వస్తుంది. మా వాడికి రెండేళ్ళు దాటాయి కదా అనుకోవద్దు. నిద్ర కోసం వాడే సీసా ఒకటి ఇంట్లో ఉంటే, మీరు లేని పూట ఎవరో ఒకరు చిన్నదానికీ పోస్తారు. జలుబు చేసి డాక్టరు రాస్తే ఆయన చెప్పిన మోతాదు, చెప్పినన్ని రోజులు వాడండి. నిద్ర పట్టించడానికి మాత్రం ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు ఇచ్చినా తీసుకోవద్దు. పక్కింటావిడతో గొడవ దేనికి? "డాక్టరు వద్దన్నారు పిన్నీ" అంటే సరిపోతుంది.

ఇక లెక్క చూద్దాం. పెద్దోడు రాత్రి పదకొండుంపావు నుంచి ఎనిమిది దాకా పడుకుంటున్నాడు. మధ్యాహ్నం రెండు గంటలు. మొత్తం పదీముప్పావు గంటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం ఒకటి రెండేళ్ళ పిల్లలకు పగలూ రాత్రీ కలిపి 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ళ వాళ్ళకు 10 నుంచి 13 గంటలు కావాలి. మీవాడికి తక్కువైంది చాలా కొంచెం. వాడికి నిద్ర పట్టకపోవడం అనే జబ్బేమీ లేదు. పడుతున్న నిద్రే రాత్రి ముందు భాగం వదిలేసి, పొద్దుటికీ సాయంత్రానికీ జరిగిపోయింది. నిద్ర నిజంగా చాలనిది మీకు. పదకొండున్నర దాకా పెద్దోడు, తెల్లారేదాకా చిన్నది. మీ ఉత్తరంలో మీ నిద్ర గురించి రాసింది ఆ చివరి ఒక్క మాటే. నాకు ముందు అదే కనపడింది.

అందుకని రేపు రాత్రి ఎనిమిదింటికే వాణ్ణి పడుకోబెట్టే ప్రయత్నం చెయ్యకండి. అయిదున్నరకి లేచిన పిల్లాడికి ఎనిమిదింటికి నిద్ర ఎక్కణ్ణుంచి వస్తుంది? మీరు జోకొడుతూ ఉంటారు, వాడు మంచం మీద గెంతుతూ ఉంటాడు, తొమ్మిదింటికి మీరు అరుస్తారు, వాడు ఏడుస్తాడు. అలా నాలుగు రోజులు జరిగితే పక్క అంటేనే వాడికి పడదు.

మొదలుపెట్టాల్సింది పొద్దున్న. వారంలో అన్ని రోజులూ ఒకే వేళకి లేపండి. మొదట ఏడుముప్పావు, రెండు మూడు రోజులకి ఏడున్నర, అలా పావుగంట చొప్పున ఆరున్నర దాకా రండి. లేపగానే వీధి అరుగు మీదికి తీసుకెళ్ళండి. ఒంటి మీద ఎండ, కళ్ళకి వెలుగు తగలాలి. మన వైపు సూర్యుడు హైదరాబాదు కంటే సుమారు ఇరవై నిమిషాలు ముందే వస్తాడు, ముందే వెళ్ళిపోతాడు. టీవీలో సీరియల్స్ మాత్రం రెండు చోట్లా ఒకే టైముకి వస్తాయి. మన పిల్లలకి చీకటి పడ్డాక మెలకువగా గడిపే సమయం అంత పెరుగుతోందన్నమాట. చీకటి పడితే మెదడు మెలటోనిన్ అనే హార్మోన్ తయారుచేస్తుంది, నిద్ర రావడానికి అది కావాలి. ట్యూబులైటు వెలుగు, దగ్గరగా పెట్టుకున్న ఫోను వెలుగు దాన్ని ఆలస్యం చేస్తాయి. పెద్దవాళ్ళ కంటే పసివాళ్ళ మీద ఆ ప్రభావం ఎక్కువ.

పొద్దున్న తర్వాత మధ్యాహ్నం. అత్తమ్మగారు పనులన్నీ అయ్యాక మూడున్నరకి నడుం వాలుస్తారు, మనవడు పక్కన చేరతాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది కానీ రాత్రి పదకొండుకి సగం కారణం అదే. పన్నెండున్నరకి అన్నం పెట్టి, ఒంటిగంటకి పడుకోబెట్టి, రెండున్నర, మరీ అయితే మూడింటికి లేపెయ్యండి. పడుకున్న పిల్లాణ్ణి లేపకూడదంటారు పెద్దవాళ్ళు. జ్వరంగా ఉన్నప్పుడు ఆ మాట వినండి, మామూలు రోజుల్లో లేపండి. అలాగని పగటి నిద్ర మొత్తం మాన్పించొద్దు. ఈ వయసులో అది మానేస్తే సాయంత్రం ఆరింటికి తూలిపోయి, ఏడింటికి లేచి కూచుంటాడు. అప్పుడు పదకొండు కాదు, పన్నెండవుతుంది.

ఈ రెండూ కుదిరితే రాత్రి ఎనిమిదిన్నర దానంతట అదే దగ్గరికొస్తుంది. ఎనిమిదిన్నర నుంచి ఆరున్నర దాకా పది గంటలు, మధ్యాహ్నం గంటన్నర. మూడు నాలుగు వారాలు పట్టొచ్చు.

అప్పుడు పడుకునే ముందు అరగంట. ఇందులో ఏం చేస్తారన్నది ముఖ్యం కాదు, రోజూ అదే వరసలో చెయ్యడం ముఖ్యం. అమెరికాలో 2009లో అచ్చయిన ఒక అధ్యయనంలో 405 మంది తల్లులు పాల్గొన్నారు. మొదటి వారం ఎప్పటిలాగే పడుకోబెట్టారు. తర్వాత రెండు వారాలు కొంతమంది తల్లులు రోజూ ఒకే వరస పాటించారు. స్నానం, ఒంటికి మెల్లగా మర్దన, కాసేపు ఒళ్ళో పెట్టుకుని లాలిపాట లాంటి నెమ్మదైన పనులు, స్నానమైన అరగంటలో దీపం ఆర్పడం. అలా చేసినవాళ్ళ పిల్లలు త్వరగా నిద్రపోయారు, రాత్రుళ్ళు లేవడం తగ్గింది. తల్లుల చికాకు కూడా తగ్గింది. ఆ వరస మనకేం కొత్త కాదు. పసిబిడ్డకి నూనె రాసి, నీళ్ళు పోసి, పొత్తిళ్ళలో చుట్టి పడుకోబెట్టడం మన ఇళ్ళలో ఎప్పుడూ ఉన్నదే, కాకపోతే పొద్దున్న పూట చేస్తాం. రాత్రికి అంత హంగామా అక్కర్లేదు. వేసవిలో ఉక్కకి రెండు చెంబుల నీళ్ళు పోయండి, చలికాలం గోరువెచ్చటి నీళ్ళతో మొహం, కాళ్ళు, చేతులు కడిగితే చాలు.

మీ ఇంటికి నేననుకున్నది ఇదీ. ఆరుముప్పావుకి పెద్దోడికి అన్నం. చోడి (రాగి) జావ తాగే అలవాటుంటే అదైనా సరే, కడుపు నిండితే చాలు. ఏడుంపావుకి మీరు చిన్నదాన్ని తీసుకుని వెనక గదిలోకి వెళ్ళండి. ఆ అరగంట పెద్దోడు హాల్లో నాన్నమ్మ దగ్గర ఉంటాడు. టీవీ చూస్తాడు కదా అంటారు. చూడనివ్వండి. రెండేళ్ళ పిల్లలకి రోజుకి ఒక గంటకి మించి తెర వద్దని ఆరోగ్య సంస్థ మాట, ఆ గంటలో ఇది పోతుంది. మిగతా రోజంతా ఫోను ఇవ్వకుండా ఉండండి. ఎనిమిదింటికి మాత్రం టీవీ ఆగాలి, ట్యూబులైటు ఆగాలి, చిన్న బల్బు వెలగాలి. పళ్ళు తోమడం, ఒంటేలు, వదులైన నూలు బట్టలు, పక్క, ఒక కథ, ఒక పాట. ఆ పాట రోజూ అదే. మీకు విసుగొస్తుంది, వాడికి రాదు.

అత్తమ్మగారి సీరియల్ ఆపించమని చెప్పినందుకు నన్ను తిట్టుకుంటారని తెలుసు. ఆవిడకి రోజంతటిలో దొరికే విశ్రాంతి అదే. అందుకే పూర్తిగా మానమని అడక్కండి. ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర ఒక్కటీ అడగండి, పిల్లాడు పడుకున్నాక సౌండు తగ్గించి మళ్ళీ పెట్టుకోవచ్చు. ఆ అరగంటలో వచ్చే సీరియల్ మర్నాడు పగలు మళ్ళీ వేస్తారేమో కూడా చూడండి. అంతకంటే మంచి మార్గం, కథ చెప్పే పని ఆవిడకే ఇచ్చెయ్యడం. "అత్తమ్మా, నేను చెబితే వినడం లేదు, మీరు చెబితేనే వింటున్నాడు" అనండి. అబద్ధం కూడా కాకపోవచ్చు. ఆవిడ చేతిలో ఒక పని ఉంటే ఈ పద్ధతి ఆవిడదీ అవుతుంది. మీకు జ్వరం వచ్చిన రోజున కూడా ఆగదు.

మీవారి విషయం కాస్త నొప్పిగానే ఉంటుంది. ఎనిమిది గంటలు నిలబడి పనిచేసి వచ్చిన మనిషికి పిల్లాడు ఎదురొచ్చి కాళ్ళు చుట్టేస్తే కలిగే ఆనందాన్ని నేను కాదనను. కానీ ఆ పదిన్నర ఆటే మిగతా రెండు వారాలనీ పాడుచేస్తోంది. పిల్లాడి ఒంటికి ఏ షిఫ్టు, బి షిఫ్టు తెలీదు. నాన్న డ్యూటీ మారినా వాడి నిద్రవేళ మారకూడదు. మారాల్సింది నాన్నతో గడిపే వేళ. ఏ షిఫ్టు వారం ఆయన మధ్యాహ్నమే వచ్చేస్తారు కాబట్టి రాత్రి వరస మొత్తం ఆయనే చూడొచ్చు, మీరు ఆ పూట వేలు పెట్టకండి. సి షిఫ్టు అయితే డ్యూటీకి బయల్దేరే ముందు పళ్ళు తోమించడం, కథ ఆయన చేతిలో పెట్టండి. బి షిఫ్టు వారం మాత్రం రాత్రి ఉండదు, పొద్దున్న ఉంటుంది. ఆరున్నరకి పిల్లాడు లేస్తాడు, ఆయన మధ్యాహ్నం దాకా ఇంట్లోనే. ఆలస్యంగా పడుకున్న మనిషి అంత పొద్దున్నే లేవలేకపోతే ఎనిమిదింటికి లేవనివ్వండి. స్నానం చేయించడం, బండి మీద ముందు కూచోబెట్టుకుని ఊళ్ళో ఒక చుట్టు తిప్పడం ఆయన పని. రాత్రి వచ్చేటప్పుడు బండి వీధి మొదట్లోనే ఆపి నెట్టుకుంటూ రమ్మనండి. మొదటి వారం వాడు ఆ చప్పుడు కోసమే చెవులు రిక్కించుకుని ఉంటాడు. లేచినా లైటు వేయకుండా, ఆట మొదలుపెట్టకుండా, పక్కన కూచుని రెండు నిమిషాలు నిమిరి లేచిపోవాలి. ఇది మీకంటే ఆయనకే కష్టం. ముందే మాట్లాడుకోండి, పదిన్నరకి గుమ్మంలో వాదన వద్దు.

సాయంత్రం విరామంలో వీడియో కాల్ చేస్తానంటే చెయ్యనివ్వండి, ఏడు లోపల. ఇంట్లోవాళ్ళతో మాట్లాడే వీడియో కాల్‌ని టీవీ, కార్టూన్లతో సమానంగా చూడక్కర్లేదని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘమే చెబుతోంది. ఎనిమిది దాటాక మాత్రం ఫోను మోగకూడదు.

ఇక చిన్నది. ఏడు నెలల పిల్ల ఒక్కసారిగా తెల్లారేదాకా పడుకోదు. ఈ వయసు పిల్లల నిద్ర సుమారు గంటకోసారి పలచబడుతుంది, ఒక్క క్షణం కళ్ళు తెరుస్తారు. ఏ పరిస్థితిలో నిద్రపోయారో అదే ఉంటే మళ్ళీ పడుకుంటారు. మీ పాప ఊగుతూ నిద్రపోయింది, ఒంటిగంటకి చూస్తే ఊపు ఆగిపోయి ఉంది. పిలవక ఏం చేస్తుంది? కాబట్టి మార్చాల్సింది ఒంటిగంట దగ్గర కాదు, ఏడున్నర దగ్గర. పాలు పట్టడం వరసలో మొదట్లోకి తీసుకురండి. తర్వాత ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, పాట పాడి, కళ్ళు మూతలు పడుతుండగా, ఇంకా పూర్తిగా నిద్రలోకి జారకముందే కింద పక్క మీద వెయ్యండి. చెయ్యి గుండెల మీద ఉంచి నెమ్మదిగా జోకొట్టండి. ఏడుస్తుంది. ఎత్తుకోండి, ఊరుకోగానే మళ్ళీ వెయ్యండి. మూడు నాలుగు రోజులు మీ నడుం విరుగుతుంది. తర్వాత జోకొట్టడం తగ్గించి చెయ్యి మాత్రం ఉంచండి, ఆ తర్వాత పక్కన కూచుంటే చాలు. తలుపేసి ఏడవనివ్వడం నేను చెప్పను. కొన్ని దేశాల్లో అది చేస్తారు, పనిచేస్తుందని కూడా అంటారు. గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళలో పసిపిల్ల పావుగంట ఏడిస్తే వీధంతా మీ గుమ్మంలో ఉంటుంది. పక్కనుండి మాన్పించే దారి నెమ్మదే కానీ అదీ పనిచేస్తుంది.

రాత్రి ఒకటి రెండు సార్లు పాల కోసం లేవడం ఈ వయసులో మామూలే, చీకట్లోనే పట్టి పడుకోబెట్టండి. పెద్దోడికి పక్కలో పంచదార పాల సీసా ఇచ్చే అలవాటు ఉంటే మాత్రం మాన్పించండి, ముందుపళ్ళు పుచ్చిపోయేది అలాగే.

చీర ఉయ్యాల రాత్రికి మానెయ్యమనడానికి ఇంకో కారణం ఉంది. పాప బోర్లా పడుతోంది, లేచి కూచోబోతోంది. మెత్తటి గుడ్డలో గడ్డం గుండెకి ఆని ఊపిరి ఆడకపోవచ్చు, చీర అంచు మెడకి చుట్టుకోవచ్చు. పెద్దోడు సరదాగా మెలితిప్పినా ప్రమాదమే. పగలు మీ కళ్ళ ముందు కాసేపు ఊపడం వేరు, అందరూ నిద్రపోతుండగా అందులో వదలడం వేరు. రాత్రికి నేల మీద గట్టి పరుపు, వెల్లకిలా పడుకోబెట్టడం. తలగడ వద్దు, ఆవాల దిండు వద్దు, మందపాటి దుప్పటి వద్దు. ఏడాది నిండేదాకా ఇంతే. అందరం ఒకే గదిలో పడుకుంటాం కదా అని మీరు బాధపడక్కర్లేదు, అది తప్పేమీ కాదు. పిల్లలిద్దరి మధ్య మీరు పడుకోండి, పెద్దోడు నిద్రలో చెయ్యి కాలూ పాప మీద వేస్తాడు. మందు తాగినవాళ్ళు, సిగరెట్టో చుట్టో కాల్చేవాళ్ళు పాప పక్కన పడుకోకూడదు. మన వైపు దోమల గురించి నేను చెప్పేదేముంది. దోమతెర కట్టండి. మూసిన గదిలో దోమల చుట్ట వెలిగించి పసిదాన్ని ఆ పొగలో ఉంచొద్దు, సాంబ్రాణి కూడా అంతే.

వరస తప్పే రోజులు వస్తాయి. అర్ధరాత్రి ముహూర్తం పెళ్ళిళ్ళు, సిరిమానుకి విజయనగరం చుట్టాలింటికి వెళ్ళడం, మే నెలలో కరెంటు పోయిన రాత్రి. కరెంటు పోతే డాబా మీద పక్కేసుకున్నా పళ్ళు తోమడం, కథ, పాట ఆ క్రమంలోనే కానివ్వండి, తాటాకు విసనకర్ర ఒకటి అదనం. పెళ్ళికి వెళ్తే హాయిగా వెళ్ళండి. పిల్లాడు పన్నెండింటికి పడుకున్నాడని కంగారు పడకండి. మర్నాడు మాత్రం అలవాటైన వేళకంటే అరగంట మించి ఆలస్యంగా లేపొద్దు, మధ్యాహ్నం ఇంకో అరగంట పడుకోనివ్వండి. రెండు మూడు రోజుల్లో సర్దుకుంటాడు.

ఇవి చేస్తూ ఒక విషయం కనిపెట్టి ఉండండి. రోజూ గట్టిగా గురక పెట్టడం, నోటితో ఊపిరి తీయడం, మధ్యలో ఊపిరి ఆగినట్టనిపించడం ఉంటే టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ చూపించాలి. రాత్రంతా కాళ్ళు ఆడిస్తూ, పగలు మట్టి తింటూ, పాలిపోయి ఉంటే రక్తం తక్కువేమో పరీక్ష చేయించాలి. పడుకోగానే ముడ్డి దగ్గర గోక్కుంటుంటే నులిపురుగులు. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీల్లో వేసే ఆల్బెండజోల్ మాత్ర మీవాడికి వేయించారో లేదో కనుక్కోండి, ఏడాది నిండిన పిల్లల నుంచి వేస్తారు. పాపకి ఇంకా వయసు రాలేదు.

ఎప్పుడు మొదలుపెట్టాలంటే, వచ్చే ఏ షిఫ్టు వారం. మీవారు సాయంత్రాలు ఇంట్లో ఉంటారు కనక పెద్దోణ్ణి ఆయన చూసుకోవచ్చు. ఇద్దరినీ ఒకే రోజు మార్చబోకండి. ముందు పెద్దోడి పొద్దుటి లేపడం, మధ్యాహ్నం నిద్ర. అది కాస్త కుదుటపడ్డాక, మళ్ళీ వచ్చే ఏ షిఫ్టు వారంలో మీరు చిన్నదాన్ని ఉయ్యాల మాన్పించొచ్చు. నెల తర్వాత కూడా పదకొండే అవుతుంటే మళ్ళీ రాయండి. అప్పటికి ఒక వారం పాటు ఎన్నింటికి లేచాడు, మధ్యాహ్నం ఎప్పటి నుంచి ఎప్పటి దాకా పడుకున్నాడు, రాత్రి ఎన్నింటికి కళ్ళు మూశాడు అన్నది ఇంట్లో క్యాలెండరు మీద రాసి ఉంచండి.